మీ గాబ్లిన్‌కి ఏం తెలుసు?

ప్రశ్న: నేను డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథ ఆటకి డీఎంని, అంటే కథ నడిపిస్తూ మాన్‌స్టర్లని ఆడించే డంజియన్ మాస్టర్‌ని. అయిదో ఎడిషన్, 2014 రూల్స్. అయిదుగురు ప్లేయర్లు, అందరివీ అయిదో లెవెల్ క్యారెక్టర్లు. నేను ఏ మాన్‌స్టర్‌ని దింపినా రెండు మూడు రౌండ్లలో చచ్చిపోతోంది. ఎనిమిది మంది గాబ్లిన్లు, ఇద్దరు ఓగర్లు కలిసి వస్తే ఒక్క ఫైర్‌బాల్ మంత్రంతో సగం పని అయిపోయింది. యంగ్ వైట్ డ్రాగన్‌ని తెచ్చాను. గుహలో దిగి నిలబడింది, ఫైటర్ మీద ఒకసారి ఊదింది, మూడో రౌండ్‌కి నేల కరిచింది. వాళ్ళు నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండి, తర్వాతి ఆటలో గాబ్లిన్లందరినీ మొదటి రౌండ్ నుంచే విజార్డ్ (మంత్రగాడు) మీదికి వదిలాను. కింద పడ్డాక కూడా పొడిపించాను. క్యారెక్టర్ చచ్చిపోయింది. ఆ ఫ్రెండ్ ఇప్పుడు ఆటకి రానంటున్నాడు. ఇంతకీ మాన్‌స్టర్లని తెలివిగా ఆడించాలా, వద్దా? లేకపోతే వాటి హిట్ పాయింట్లు (ప్రాణబలం అంకె) గుట్టుగా పెంచేసుకుంటే సరిపోతుందా?

సమాధానం: మీ ఫ్రెండ్ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆటలో ఏం జరిగిందో చూద్దాం.

మొదటి రెండు పోరాటాల్లో మీ మాన్‌స్టర్లు మరీ అమాయకంగా ఉన్నాయి. ఆ డ్రాగన్‌కి తనకి రెక్కలున్న సంగతే గుర్తున్నట్టు లేదు. మూడో పోరాటానికి వచ్చేసరికి ఒక్కసారిగా సర్వజ్ఞత్వం వచ్చేసింది. ఆ పొడుగు అంగీ మనిషికి అందరికంటే హిట్ పాయింట్లు తక్కువని, వాడి దగ్గర ఫైర్‌బాల్ ఉందని, వాడు పడిపోయినా వైద్యం చేసే క్లెరిక్ లేపేస్తుందని మొదటి రౌండ్‌లోనే గాబ్లిన్లకి ఎవరు చెప్పారు? మీరే. క్యారెక్టర్ షీట్లన్నీ చదివిన మీ బుర్రని తీసుకెళ్ళి గాబ్లిన్ తలలో పెట్టారు. ఆ పోరాటం ప్లేయర్లకి అన్యాయంగా అనిపించింది అందుకే.

తెలివిగా ఆడించండి, కానీ దాని తెలివితో. ప్రతి పోరాటానికి ముందు నన్ను నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ జీవికి ఏం తెలుసు? తన ఒంటి గురించి దానికి బాగా తెలుసు, ఎందుకంటే పుట్టిన దగ్గర్నుంచి ఆ ఒంటితోనే బతుకుతోంది. తను ఉండే చోటు గురించి ఇంకా బాగా తెలుసు. మీ ప్లేయర్ల గురించి మాత్రం కళ్ళతో చూసినంత వరకే తెలుసు. మాన్‌స్టర్ తంత్రమంతా దీంట్లోంచే పుడుతుంది.

గాబ్లిన్‌ని తీసుకోండి. 7 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె) 15. ఫైర్‌బాల్ సగటు డ్యామేజ్ 28. సేవ్ (దెబ్బని తట్టుకోవడానికి వేసే పాచిక) నెగ్గి సగమే తగిలినా 14. అంటే మంటలో చిక్కిన గాబ్లిన్ సేవ్ నెగ్గినా ఓడినా దాదాపు ఒకటే, బూడిదే. ఈ సంగతి గాబ్లిన్‌కి లెక్కల్లో తెలియకపోవచ్చు గానీ ఒంట్లో తెలుసు. ఎవరి చేతికి చిక్కినా తను ఒక్క దెబ్బకే పోతాడని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అలాంటివాడు ఎనిమిది మందితో గుంపు కట్టి, ఎదురుగా నడిచొచ్చి, కత్తి దూసి నిలబడతాడా?

వాడి స్టాట్ బ్లాక్‌లో (పుస్తకంలోని వివరాల పట్టికలో) డ్యామేజ్ లైన్ కంటే ముందు చూడాల్సింది నింబుల్ ఎస్కేప్ అనే సామర్థ్యం. ప్రతి టర్న్‌లోనూ బోనస్ యాక్షన్‌తో, అంటే దాడికి అదనంగా, దాక్కోవచ్చు, లేదా డిసెంగేజ్ చేసి దెబ్బ తగలకుండా తప్పుకోవచ్చు. పైగా స్టెల్త్ (దాక్కునే నైపుణ్యం) +6. చేతిలో షార్ట్‌బో, 80 అడుగుల వరకు ఇబ్బంది లేకుండా కొడుతుంది. ఈ మూడూ కలిపి చదివితే గాబ్లిన్ పోరాటం దానంతటదే కనబడుతుంది. పొద చాటు నుంచి బాణం వేస్తాడు. కంటపడకుండా వేశాడు కాబట్టి అడ్వాంటేజ్ ఉంటుంది, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటాడు. వేసిన వెంటనే నాలుగు అడుగులు పక్కకి జరిగి ఇంకో చెట్టు వెనక మళ్ళీ దాక్కుంటాడు. మీ ఫైటర్ ఆర్మర్ క్లాస్ 16 అనుకోండి. గాబ్లిన్‌కి దాడి బోనస్ +4, అంటే డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 12 పడాలి. మామూలుగా వేస్తే తగిలే అవకాశం 45 శాతం. అడ్వాంటేజ్‌తో అది దాదాపు 70 శాతానికి చేరుతుంది. హిట్ పాయింట్లు ఒక్కటి కూడా పెంచకుండా మీ గాబ్లిన్ ఒకటిన్నర రెట్లు ప్రమాదకరం అయ్యాడు.

ఇక ఫైర్‌బాల్ విషయం. దాని వ్యాసార్థం 20 అడుగులు, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి 40. దారికి ఒక పక్కన పాతిక అడుగులకి ఒక్కడు చొప్పున గాబ్లిన్లని వరసగా కూర్చోబెడితే ఒక ఫైర్‌బాల్‌కి దొరికేది ఇద్దరే. గాబ్లిన్లకి ఫైర్‌బాల్ గురించి తెలియాల్సిన పని కూడా లేదు. దాక్కోవాలంటే ఎవడి పొద వాడికి కావాలి కదా, అందుకే విడివిడిగా ఉంటారు. విజార్డ్ ప్లేయర్ తన మూడో లెవెల్ స్లాట్‌ని (రోజుకి కొన్నే ఉండే మంత్రాల కోటాని) ఇద్దరి కోసం ఖర్చుపెట్టాలా వద్దా అని ఆలోచనలో పడతాడు. ఆ ఆలోచనే మీ పోరాటం బాగుందనడానికి గుర్తు.

గాబ్లిన్‌కి చీకట్లో 60 అడుగుల వరకు కనిపిస్తుంది. మీ పార్టీలో మనుషులుంటే వాళ్ళకి కనిపించదు. కాబట్టి గాబ్లిన్లు పగటిపూట రారు, వచ్చినా దీపం పట్టుకుని రారు. మీ వాళ్ళు దివిటీ వెలిగిస్తే బాణాలన్నీ ఆ వెలుతురు మీదికే వస్తాయి. దివిటీ పట్టుకున్నవాడు దాన్ని దూరంగా విసిరేయాలా, ఆర్పేయాలా అని తలపట్టుకుంటాడు. ఇదంతా గాబ్లిన్లకి తెలిసిన విషయమే, వాళ్ళ రోజువారీ బతుకే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ పద్ధతికి విరుగుడు ఉంది, దాన్ని మీ ప్లేయర్లు కనిపెట్టనివ్వండి. గాబ్లిన్ తల ఎత్తినప్పుడు కొట్టడానికి యాక్షన్‌ని రెడీ చేసి పెట్టుకోవచ్చు. పొదల్లోకి నేరుగా దూరి చాటు లేకుండా చేయొచ్చు. పొదలకి నిప్పు పెట్టొచ్చు, నాకైతే ఇదే ఇష్టం. వాళ్ళు ఇలాంటిదేదైనా చేస్తే దాన్ని అడ్డుకోవడానికి మీరు అప్పటికప్పుడు ఇంకో ఎత్తు కల్పించకండి. గాబ్లిన్లు అలా కాలిపోతే కాలిపోనివ్వండి. అది ప్లేయర్లు సంపాదించుకున్న గెలుపు.

గాబ్లిన్ బాస్ ఇంకా సరదా. తనకి దెబ్బ తగలబోతుంటే పక్కనున్న గాబ్లిన్‌ని లాగి తన చోట నిలబెట్టే రియాక్షన్ (ఎదుటివాడి టర్న్‌లో చేసే పని) వాడికి ఉంది. అందుకని బాస్ ఎప్పుడూ ఇద్దరి మధ్య నిలబడతాడు, ఆ ఇద్దరూ ఎప్పుడూ బిక్కుబిక్కుమంటూ ఉంటారు. బాస్ పారిపోతే వాళ్ళు బాస్ కంటే ముందు పారిపోతారు.

హాబ్‌గాబ్లిన్ ఇదే కుటుంబం, కానీ తీరు పూర్తిగా వేరు. ఆర్మర్ క్లాస్ 18. తన పక్షం వాడు ఒకడు లక్ష్యానికి అయిదు అడుగుల్లో ఉంటే టర్న్‌కి ఒకసారి రెండు డీ6 అదనపు డ్యామేజ్, సగటున మరో 7. అంటే ఇద్దరిద్దరుగా భుజం కలిపి ఒక్కణ్ణే పట్టుకుంటారు. దాక్కోరు, ఎగబడరు, వరస చెదరనివ్వరు. గాబ్లిన్లని, హాబ్‌గాబ్లిన్లని ఒకేలా ఆడిస్తే రెండు బొమ్మలకి రంగు మాత్రమే తేడా.

జంతువుల దగ్గరికి వస్తే తెలిసినది ఇంకా తక్కువ, ఇంకా స్పష్టం. తోడేలుకి విజార్డ్ అంటే ఏంటో తెలియదు. వెనకబడింది ఏది, కుంటుతున్నది ఏది, చిన్నది ఏది, ఇవే చూస్తుంది. నలుగురూ దగ్గరగా నడుస్తుంటే పార్టీ గుర్రం మీద పడుతుంది. ప్యాక్ టాక్టిక్స్ వల్ల తోటి తోడేలు పక్కనుంటే అడ్వాంటేజ్ ఎలాగూ ఉంది. కరిచాక స్ట్రెంత్ (బలం) సేవ్‌లో 11 చేరకపోతే మనిషి కింద పడతాడు. పడినవాడి మీద అడ్వాంటేజ్ వస్తుందని డీఎంలు సంబరపడతారు గానీ తోడేలుకి అది ముందే ఉంది, రెండోసారి కలవదు. అసలు లాభం వేరే చోట ఉంది. పడినవాడు లేవడానికి సగం నడక ఖర్చు. లేవకుండా కొడితే వాడికే డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది). వాడి మీద వాలిన తోడేళ్ళు ఆ కాస్త వ్యవధిలో చుట్టూ మూగుతాయి. అయితే తోడేలు ఆకలితో వచ్చింది, పగతో రాలేదు. రెండు తోడేళ్ళకి గట్టి గాయాలు తగిలితే మిగతావి వెనక్కి తగ్గుతాయి. మాంసం దొరికితే దాన్ని లాక్కుని అడవిలోకి పోతాయి. ఆఖరి తోడేలు కూడా చచ్చేదాకా కరుస్తూనే ఉందంటే దాన్ని ఎవడో మంత్రంతో ఆడిస్తున్నాడని నేను అనుమానిస్తాను. మీ ప్లేయర్లకి అదొక క్లూ కూడా కావచ్చు.

ఓగర్‌కి వ్యూహం పెట్టకండి. దయచేసి పెట్టకండి. 59 హిట్ పాయింట్లు, ఇంటెలిజెన్స్ 5, తగిలితే సగటున 13. ఆర్మర్ క్లాస్ 11 అంటే ఎవరు కొట్టినా తగులుతుంది, కాబట్టి దెబ్బలు తినడం వాడికి అలవాటే. ఆఖరుసారి ఎవడు కొట్టాడో వాడి మీదికి తిరుగుతాడు, అంతే. మీ రోగ్ (దొంగ క్యారెక్టర్) వెనక నుంచి రాయి విసిరి వాణ్ణి గుంట వైపు తిప్పుకుంటాడు, ఫైటర్ తిట్టి తన మీదికి రప్పించుకుంటాడు. మొద్దు మాన్‌స్టర్‌ని మొద్దుగా ఆడించడం కూడా తంత్రమే. ప్లేయర్లకి తమ తెలివి చూపించుకునే చోటు ఒకటి ఉండాలి. మీ మొదటి పోరాటంలో ఓగర్లు తప్పేమీ చేయలేదు, పక్కనున్న గాబ్లిన్లే ఓగర్లలా ప్రవర్తించారు. గాబ్లిన్లు అసలు ఓగర్ల పక్కన నిలబడరు. వాళ్ళని ముందుకి తోసి తాము వెనక పొదల్లో ఉంటారు.

జాంబీకి ఏమీ తెలియదు, భయం కూడా తెలియదు. చావు దెబ్బ తగిలినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) సేవ్ వేసి ఒక్క హిట్ పాయింట్‌తో నిలబడే అవకాశం ఉంది. క్రిటికల్ (రెట్టింపు పాచికల) దెబ్బకి, రేడియంట్ (దివ్యకాంతి) డ్యామేజ్‌కి మాత్రం ఆ వీలు లేదు. నడక 20 అడుగులే. కాబట్టి మైదానంలో జాంబీ ఒక జోక్. ఇరుకు గదిలో, మూసుకుపోయిన తలుపు దగ్గర, కింద పడ్డ స్నేహితుణ్ణి మోసుకుపోతున్నప్పుడు అదే జాంబీ వేరు.

ఇప్పుడు పారిపోవడం గురించి. నా ఉద్దేశంలో మీ ఆటలో లేని అతి పెద్ద విషయం ఇదే. బతికుంటే బలుసాకు తినొచ్చన్నది మనుషులకే కాదు, మాన్‌స్టర్లకీ వర్తిస్తుంది. పాత డీఎంలకి ఇది రూల్‌గానే ఉండేది. 1981 బేసిక్ రూల్స్‌లో ప్రతి మాన్‌స్టర్‌కి మొరేల్ అని ఒక అంకె ఉంటుంది. తమ వైపు మొదటి చావు చూసినప్పుడు, మళ్ళీ సగం మంది పడిపోయినప్పుడు రెండు డీ6 వేస్తారు. మొత్తం ఆ అంకె దాటితే వెనుదిరుగుతారు. గాబ్లిన్ మొరేల్ 7, కోబోల్డ్‌ది 6. జాంబీది 12, అంటే పాచిక దాన్ని ఎప్పటికీ దాటలేదు. గాబ్లిన్లు ఒక్కో పరీక్షలో పారిపోయే అవకాశం 36లో 15, సుమారు 42 శాతం. అంటే మీ ఎనిమిది మంది గాబ్లిన్ల పోరాటం చాలాసార్లు సగంలోనే ముగిసిపోవాలి, ఆఖరివాడి పీక కోసేదాకా సాగకూడదు. మీ ఎడిషన్‌లోనూ దీన్ని పూర్తిగా తీసేయలేదు. 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఐచ్ఛికంగా ఉంది: విజ్డమ్ సేవ్‌లో 10 చేరాలి, తప్పితే పారిపోవడం. గాబ్లిన్ విజ్డమ్‌కి అది సరిగ్గా సగం సగం.

పారిపోయిన గాబ్లిన్ మీకు బోలెడంత ఉపయోగం. ఎందుకంటే వాడు ఇప్పుడు చూశాడు. పొడుగు అంగీవాడు వేలు చూపిస్తే నిప్పు పుడుతుందని చూశాడు. బంగారు గుర్తు వేసుకున్నామె పడినవాళ్ళని లేపుతుందని చూశాడు. వెళ్ళి మిగతావాళ్ళకి చెబుతాడు. వచ్చేసారి అదే తెగ విజార్డ్ మీద గురిపెడితే అది న్యాయం. ప్లేయర్లకి కూడా అది న్యాయంగానే అనిపిస్తుంది, ఎందుకంటే వాణ్ణి వదిలేసింది వాళ్ళే. పారిపోయిన శత్రువుకి కూడా పూర్తి ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఇవ్వండి. లేకపోతే మీ వాళ్ళు ప్రతి గాబ్లిన్‌నీ అడవంతా తరుముతూ కూర్చుంటారు, ఆట అక్కడే తెల్లారుతుంది.

చోటు గురించి ఒక మాట. 1987లో డ్రాగన్ పత్రిక 127వ సంచిక సంపాదకీయం కోబోల్డ్‌ల గురించి రాసింది. ఆటలో అన్నిటికంటే బలహీనమైన జీవులు, అయినా పెద్ద లెవెల్ పార్టీలు వాటిని తలుచుకుని వణికేవి. కారణం ఆ సొరంగాలు. ఇరుకు దారులు, గోడల్లో బాణాలు వేసే కంతలు, ముందూ వెనకా మంటలు. దాంట్లో ప్రత్యేక శక్తులేమీ లేవు, సొంత ఇంటిని వాడుకోవడమే. రూల్స్‌లో సగం చాటుకి ఆర్మర్ క్లాస్ +2, ముప్పాతిక చాటుకి +5. కంత వెనక ఉన్న కోబోల్డ్‌కి అయిదు పెరిగితే 12 ఉన్నది 17 అవుతుంది. అయితే ఇది వాళ్ళ ఇల్లు కాబట్టే పనిచేస్తుంది. రోడ్డు మీద ఎదురైన కోబోల్డ్‌లకి కూడా అప్పటికప్పుడు కందకాలు, కంతలు మొలిపిస్తే మళ్ళీ మీ బుర్ర దూరినట్టే.

మీ డ్రాగన్ సంగతి. అది ఓడిపోవడంలో వింత ఏమీ లేదు. దానికి 133 హిట్ పాయింట్లు, కానీ రౌండ్‌కి ఒక్క టర్న్. మీ వైపు అయిదు టర్న్లు, అందులో ఫైటర్‌కి రెండేసి దెబ్బలు. ఒంటరిగా నేల మీద నిలబడ్డ ఏ మాన్‌స్టర్‌కైనా ఈ లెక్క కుదరదు. పెద్ద వయసు డ్రాగన్లకి ఆటే ఈ లోటు తీర్చింది: రౌండ్‌కి మూడు లెజెండరీ యాక్షన్లు (ఇతరుల టర్న్ అయ్యాక చేసేవి), రోజుకి మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లు (ఓడిన సేవ్‌ని నెగ్గినట్టు చేసేవి), సొంత గుహలో ఇనిషియేటివ్ (టర్న్‌ల వరస) 20 దగ్గర లేర్ యాక్షన్ (గుహ చేసే పని). యంగ్ డ్రాగన్‌కి ఇవేవీ లేవు. ఉన్నవి రెక్కలు, ఊపిరి, మంచు.

ఎగిరే వేగం 80 అడుగులు. ఊపిరి 30 అడుగుల కోన్ (శంకువు ఆకారం), సగటు డ్యామేజ్ 45. 70 అడుగుల ఎత్తున తిరుగుతూ, 40 అడుగులు దిగి, ఊది, మిగిలిన 40తో మళ్ళీ పైకి పోతుంది. ఎవరి కత్తికీ అందదు, కాబట్టి ఆపర్చునిటీ అటాక్ (దాటిపోయేవాడి మీద పడే దెబ్బ) కూడా లేదు. ఊపిరి తిరిగి రావాలంటే డీ6 మీద 5 లేదా 6 పడాలి, మూడింట ఒక వంతు అవకాశం. అది వచ్చేదాకా పొగమంచులోనో గుట్ట వెనకో తిరుగుతుంది. మంచు గోడల మీద జారకుండా ఎక్కడం దీనికి పుట్టుకతో వచ్చింది. మీ వాళ్ళకి అదే మంచు జారుడు బండ. కాబట్టి నేల మీదికి వచ్చినా నిటారు మంచు వాలు మీదికి వస్తుంది, గుహ మధ్యలోకి కాదు.

ఇక్కడే పగ్గం కూడా ఉండాలి. రెక్కలున్నాయి కదా అని పోరాటమంతా పైనే ఉంచితే ఫైటర్ ప్లేయర్ నాలుగు రౌండ్లు ఫోన్ చూసుకుంటాడు. పైగా 45 డ్యామేజ్ అంటే అయిదో లెవెల్ విజార్డ్ ఒక్క ఊపిరికే పడిపోతాడు, అయిదుగురూ ఒకే కోన్‌లో చిక్కితే ఆట ముగిసినట్టే. అదృష్టవశాత్తూ తెల్ల డ్రాగన్ తన జాతిలో తెలివి తక్కువది, పగ ఎక్కువది. రెండు మూడు బాణాలు గట్టిగా తగిలితే ఒళ్ళు తెలియని కోపంతో ఆ విలుకాడి మీదికి దిగుతుంది. ఫైటర్‌కి కావలసింది అదే. ఈ డ్రాగన్లు తమ ఎరల్ని మంచులో గడ్డకట్టించి దాచుకుంటాయి. గుహకి ముందే అలాంటి నాలుగు శవాలు, అన్నీ ఒకే వైపు ఒరిగి, చూపించండి. గుంపుగా నడవకూడదని ప్లేయర్లకి చెప్పకనే చెప్పినట్టు. అప్పటికీ గుంపుగా నడిస్తే అది వాళ్ళ నిర్ణయం. సగం హిట్ పాయింట్లు పోతే డ్రాగన్ ఎగిరిపోతుంది, అది కూడా మరిచిపోకండి. వారం తర్వాత వాళ్ళు నిద్రపోతున్న చోటికి వస్తుంది.

సరే, మీ ఫ్రెండ్. విజార్డ్‌ని గురిపెట్టడం తప్పు కాదు. ఏమీ చూడకముందే గురిపెట్టడం తప్పు, చెప్పకుండా గురిపెట్టడం ఇంకొంచెం తప్పు. మాన్‌స్టర్ ఉద్దేశాన్ని నోటితో చెప్పించండి. ఫైర్‌బాల్ పడ్డాక ఒక గాబ్లిన్ "ఆ కర్రవాణ్ణి! ముందు వాణ్ణే!" అని అరవాలి. ఆ అరుపుతో విజార్డ్‌కి ఒక టర్న్ దొరుకుతుంది: గోడ చాటుకి పోవచ్చు, షీల్డ్ స్పెల్ కోసం రియాక్షన్ దాచుకోవచ్చు. ఫైటర్ అడ్డం వచ్చి నిలబడొచ్చు. దాడి అంతే గట్టిగా ఉంటుంది, కానీ ఇప్పుడు అది టేబుల్ మీద అందరికీ కనిపించే సమస్య. గాబ్లిన్ భాష రాని పార్టీ అయితే వేలు చూపించినా చాలు.

కింద పడినవాణ్ణి పొడవడం మాత్రం వేరే తూకం. స్పృహ లేనివాణ్ణి అయిదు అడుగుల్లోంచి కొడితే, తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్. సున్నా దగ్గరున్నవాడికి క్రిటికల్ అంటే రెండు డెత్ సేవ్‌లు ఓడినట్టు, మూడు ఓడితే చావే. అంటే రెండు దెబ్బలకి మనిషి పోతాడు, పాచిక పట్టే అవకాశం కూడా ఉండదు. ఇది చేయడానికి మాన్‌స్టర్‌కి గట్టి కారణం ఉండాలి. కత్తి పట్టుకుని ఇంకా నలుగురు నిలబడి ఉండగా, కదలని శరీరం మీద టర్న్ ఖర్చుపెట్టడం గాబ్లిన్‌కైనా తెలివి తక్కువ పని. తోడేలు ఈడ్చుకుపోతుంది, ఘౌల్ తింటుంది. క్లెరిక్ రెండుసార్లు లేపడం కళ్ళారా చూసిన హాబ్‌గాబ్లిన్ కెప్టెన్ పొడుస్తాడు, అదీ ముందు గొంతు మీద కత్తి పెట్టి "లొంగిపోండి" అని అడిగాక. మీ గాబ్లిన్లకి ఇందులో ఏ కారణమూ లేదు. ఒళ్ళు మండింది మీకు, వాళ్ళకి కాదు.

కాబట్టి ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి: ఆ పోటు గాబ్లిన్‌ది కాదు, నాది అని. క్యారెక్టర్‌ని తిరిగి బతికించాలా, కొత్తది తెచ్చుకుంటాడా అనేది అతన్నే తేల్చుకోనివ్వండి. అయిదో లెవెల్ క్లెరిక్ చేతిలో చచ్చినవాణ్ణి లేపే రివివిఫై మంత్రం ఉంటుంది. చచ్చిన నిమిషంలోపు వాడాలి, 300 గోల్డ్ విలువైన వజ్రాలు కావాలి. ఆ నిమిషం దగ్గర్నుంచే మళ్ళీ ఆడదామంటే మీ టేబుల్‌లో ఎవరూ కాదనరనుకుంటాను. ఇలాంటి చావులు ఆటలో ఉండాలా వద్దా అన్నది కూడా అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. కొన్ని టేబుళ్ళకి చావు లేకపోతే ఉప్పు లేనట్టు, కొన్నింటికి అది అసలు నచ్చదు. రెండూ సరైనవే.

ఇదంతా టేబుల్ మీద గుర్తుంచుకోవడం కష్టమని మీరు అనొచ్చు. నిజమే. మాన్‌స్టర్‌కి ఒక చిన్న చీటీ రాసుకోండి: ఎలా మొదలుపెడుతుంది, దెబ్బ తగిలాక ఏం చేస్తుంది, ఎప్పుడు పారిపోతుంది. అంతకు మించి రాస్తే చదవరు. ఒకే రకం వాళ్ళందరికీ ఒకటే ఇనిషియేటివ్ వేయండి. డ్యామేజ్‌కి పాచికలు వేయకుండా పుస్తకంలో అచ్చయిన సగటు వాడండి, గాబ్లిన్‌కి 5. మీ టర్న్ ఒక నిమిషం లోపు అయిపోతే గొప్ప వ్యూహమేదీ లేకపోయినా పోరాటం టెన్షన్‌గానే ఉంటుంది. అయిదు నిమిషాలు ఆలోచించి వేసిన గొప్ప ఎత్తు కంటే అదే నయం.

హిట్ పాయింట్లు గుట్టుగా పెంచొచ్చా అని అడిగారు. స్టాట్ బ్లాక్‌లోనే ఒక పరిధి ఉంది. ఓగర్ 59 అన్నది సగటు మాత్రమే. ఆట మొదలవకముందే ఏడు డీ10 వేసి, 21 కలుపుకుని 75 వస్తే ఆ ఓగర్‌కి 75. అందులో మోసం లేదు. పోరాటం మధ్యలో, ప్లేయర్ మంచి దెబ్బ కొట్టాక పెంచితే మాత్రం ఆ దెబ్బని మీరు దొంగిలించినట్టు. పైగా నిలబడి కొట్టుకునే ఓగర్‌కి 59 బదులు 118 ఇస్తే అదే విసుగు రెండింతలు సేపు సాగుతుంది. పోరాటం మరీ తేలికైపోయిందనిపిస్తే గాబ్లిన్ ఒకడు బూర ఊదనివ్వండి. రెండు రౌండ్లలో ఇంకెవరో వస్తున్నారని ప్లేయర్లకి వినబడుతుంది, అప్పుడు ఉండాలో పారిపోవాలో వాళ్ళు చూసుకుంటారు.